సొంత తోట – ఊరి సొత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



పుస్తకము ఒక ఇంటి బీరువాలో నున్నంతకాలము ఆ ఇంటివారి సొత్తు. అదియే గ్రంథాలయమునకు చేరినచో ఊరివారందరి విద్య. శ్రీకాకుళములో కాళీపట్నం రామారావుగారు 1997లో కథానిలయమును నెలకొల్పి, చెల్లాచెదరుగా నున్న తెలుగు కథలను ఒక్క కప్పు క్రిందికి చేర్చిరి. పుస్తకమునకు చెల్లిన ఈ న్యాయము తోటకును చెల్లునా యనునదే నేటి ప్రసంగ విషయము.

ఉద్దానమను పేరు ఉద్యానమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస, మామిడి – ఇవియే ఈ తీరమునకు పంట, నీడ, పెండ్లి కట్నము, పిల్లల చదువు. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపాను తాతలు నాటిన చెట్లను గంటలలో కూల్చివేసినది. పొడవు రకపు కొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న ఆరేడేండ్లు పట్టును. కావున నిలిచియున్న ముసలి తోట యేదైనను నేడు సామాన్య వస్తువు కాదు. శ్రీముఖలింగపు ఆలయము రాతితో కట్టినది గనుక శతాబ్దములు నిలిచినది. తోట ప్రాణముగల కట్టడము. దానిని ఏటేట పోషించువారుండవలెను.

అట్లు పోషించిన ఊరు దూరమున లేదు. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును, రంగుకొంగలును వచ్చి, ఊరిలోని చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పొదిగి, నౌపడా చిత్తడి నేలలలో మేత వెదకుకొనును. ఇచ్ఛాపురము వైపున తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు వానకాలమున దిగును. అవి పొలములలోని నత్తలను తినును. ఈ పక్షులు వచ్చిన ఏడు వానలు, పంటలు బాగుండునని అచటివారి నమ్మకము. గూటిపై రాయి విసరని ఊరు తన పెరడులనే దేశమునకు చూపదగిన వనముగా మార్చుకొన్నది.

అయితే చూడవచ్చినవాడు రెండు గడియలుండి సంతోషముతో మరలిపోవును. ఆ చెట్టు క్రింద కాపురముండువారికి రెట్ట, దుర్గంధము, చెట్టునుండి జారిపడు చేపలు, తగ్గిన చింతపండు రాబడి మిగులును. 2021 చివరను, 2022 ఆరంభమునను పురుగుల వ్యాధిచే గూడబాతులు పెక్కు మరణించినప్పుడు ఆ దుఃఖమును ఎదుట చూచినవారును వారే. అందరి ఆనందమునకు ఒక్కరే వెలచెల్లించుట ధర్మము కాదు. కర్ణాటకలోని మండ్య జిల్లాయందలి కొక్కరె బెళ్ళూరులో గూళ్లున్న చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారమిచ్చు పద్ధతి ఏర్పడినది. 2007లో ఆ ఊరు కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపబడినది. తమిళదేశపు వేడంతాంగల్ గ్రామస్థులు 18వ శతాబ్దాంతముననే కొంగలను కాల్చకుండ దొరలనుండి ఉత్తరువు పొందిరి. పక్షుల రెట్టచే సారవంతమైన చెరువు నీరు తమ వరికి బలమిచ్చునని వారెరుగుదురు. లాభమును, దయయు అచట కలిసి నడచినవి.

తోటను ఊరికొరకు నిలుపగోరు కుటుంబమునకు చట్టమున నొక త్రోవ కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో జరిగిన సవరణచే కమ్యూనిటీ రిజర్వు ఏర్పడినది. ప్రైవేటు భూమియందైనను, స్వచ్ఛందముగా ముందుకు వచ్చినచో, అచటి జంతువులను, వృక్షములను, సంప్రదాయ సంస్కృతులను కాపాడుటకు ప్రభుత్వము ఆ భూమిని అట్లు ప్రకటింపవచ్చును. 2022 సవరణ ననుసరించి అట్టి ప్రైవేటు భూమి నిర్వాహక సంఘములో భూయజమానికి స్థానము కలదు. అటవీశాఖ ప్రతినిధియు, పంచాయతీ ప్రతినిధియు తోడుందురు.

కాని ఒక్క మాట మరువరాదు. ప్రకటన జరిగిన పిదప ఆ భూమి వినియోగమును యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చుకొనజాలడు. సంఘ తీర్మానమును, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదమును కావలెను. రేపు కుమార్తె వివాహమునకు తోటలో సగము అమ్ముదమనుకొనువారు ఈనాడే ఆలోచించుకొనవలెను. అన్నదమ్ములు, ఆడుబిడ్డలు, వలసపోయి దూరదేశములనున్న వాటాదారులు – అందరును మనఃపూర్వకముగా అంగీకరింపవలెను. ఆవేశమున ఇచ్చిన దానము వ్యాజ్యముగా మారుటకు ఎంతోకాలము పట్టదు.

ఇచట గ్రంథాలయము చేయదగిన పని యున్నది. ఊరిలోని ముసలి చెట్లను లెక్కించి, ఎవరు నాటిరో, ఏ రకమో, ఏ తుపానుకు నిలిచినదో వృద్ధులనడిగి ఒక పుస్తకమున వ్రాయించవచ్చును. గ్రంథాలయపు బల్లపై చట్టపు ప్రతి నుంచవచ్చును. తోట నిచ్చు కుటుంబమునకు రాబడి తగ్గినచో ఊరు ఏమి తీర్చవలెనో ముందుగనే వ్రాతపూర్వకముగా నిర్ణయించవచ్చును.

గ్రంథాలయమునకు పుస్తకములిచ్చిన దాతల పేర్లు ప్రతి పుటపై ముద్రింపబడవు; అయినను చదువరుల చేతులలో ఆ దానము జీవించును. తోటయు నట్లే. దానిని నాటినవారిని గౌరవించి, కాచినవారిని కష్టపెట్టక, నీడను అందరును పంచుకొనుటయే ఊరి ధర్మము.