వార్ధక్యమున దేహదార్ఢ్యము

(బాన్సువాడ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మనము మార్కండేయ మహర్షి సంతతివారమని చెప్పుకొందుము. పదునాఱేండ్లకే ఆయువు తీఱనున్న బాలుడు శివలింగమును కౌగిలించుకొని యముని మరలించెనను కథ మన యిండ్లలో వినని బిడ్డ లేడు. ఆ కథలో నొక విశేషము కలదు. మహర్షికి లభించినది దీర్ఘాయువు మాత్రమే కాదు; పదునాఱేండ్ల ప్రాయము చెడని దేహము. మంచము పట్టి నూఱేండ్లు బ్రదుకు వరమును ఎవ్వరును కోరరు. కావున ఆయువుతోబాటు సత్తువను నిలుపుకొను మార్గమేదియో కొంచెము విచారింతము.

ముందుగా మన వృత్తిని చూడుడు. గుంటమగ్గమున కూర్చున్న నేతగాడు చేతితో నాడె నాడించుచు, కాళ్ళతో త్రొక్కుచు నుండెడివాడు. పడుగును వీధి పొడవున సాచి గంజి పెట్టునపుడు ఇంటిల్లిపాదియు ఆ కొసనుండి యీ కొసకు మాటిమాటికి నడచెడివారు. నాటి పేదఱికమును నేను పొగడుట లేదు. నడుమునొప్పియు, కంటి మాంద్యమును నాడును కలవు. కాని ఆ పనిలో నడకయు కొంత కలదు. మగ్గములు మూలబడిన పిమ్మట నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములలో మన స్త్రీలు అనేకులు బీడీలు చుట్టు పనికి దిగిరి. చాటను ఒడిలో నుంచుకొని, తల వంచి, తునికాకు కత్తిరించుచు, తంబాకు దుమ్ము పీల్చుచు గంటలకొలది కదలక కూర్చుండు పని యది. 2014లో ఆరంభమైన ఆసరా పింఛనుల పథకమున తరువాత బీడీ కార్మికులకును చోటు లభించినది. సంతోషమే. కాని పింఛను చేతికి వచ్చును గాని మోకాళ్ళకు బలము తీసికొనిరాదు.

ముప్పదియేండ్లు దాటిన పిమ్మట ప్రతి పదియేండ్లకును మన కండలో నూటికి 3 మొదలు 8 పాళ్ళవఱకు తగ్గుననియు, అఱువదియేండ్ల తరువాత ఆ తగ్గుదల యింకను హెచ్చుననియు వైద్యులు చెప్పుదురు. ఇది ప్రకృతిధర్మము. అయితే మనము ముదిమి యని పిలుచుదానిలో చాల భాగము ముదిమి కాదు, కదలకుండుట. 2007లో అమెరికాదేశమున ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, సగటున 67 ఏండ్ల వయస్సుగల 12 మంది ఆరోగ్యవంతులను 10 దినములు మంచముపై నుంచిరి. ఆ పది దినములలోనే వారి కాళ్ళనుండి ఇంచుమించు ఒక కిలో కండ కరగిపోయినది. ఇప్పుడు మన యిండ్లను తలంచుకొనుడు. తండ్రికి అఱువదియేండ్లు నిండగనే కొడుకులు "బాపూ, నువ్వు కూసో, మేం చూసుకుంటం" అందురు. అత్త బిందె నెత్తబోయిన కోడలు పరుగెత్తుకొని వచ్చి చేతినుండి లాగుకొనును. అది ప్రేమయే, మర్యాదయే. కాని ఆ మర్యాద పదేండ్లు సాగినచో పెద్దలు పరుల చేయి పట్టక లేవలేని స్థితికి వచ్చెదరు. గౌరవార్థము వేసిన మంచమే వారిని బంధించుచున్నది.

పోయిన బలము మరల వచ్చునా యని మీరడుగవచ్చును. వచ్చునని 1990లో బోస్టను నగరపు పరిశోధకులు చూపిరి. వృద్ధాశ్రమమున నున్న తొంబదియేండ్ల వారిని పదిమందిని ఎన్నుకొని, 8 వారములు కాళ్ళకు బరువులతో క్రమమైన సాధన చేయించిరి. కడవఱకు సాగించినవారి కాలి బలము సగటున నూటికి 174 వంతులు హెచ్చినది. ఇద్దఱు చేతికఱ్ఱను విడిచిపెట్టిరి. తొంబదియేండ్లకు సాధ్యమైనది అఱువదియేండ్లకు అసాధ్యమగునా?

మన కులమున పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ గారిని స్మరింపుడు. 1915లో వాంకిడిలో జన్మించి, 1969లో తెలంగాణము కొఱకు మంత్రిపదవిని త్యజించి, 2012లో 96 ఏండ్ల వయస్సున కాలధర్మము నొందువఱకు వారు ప్రజాజీవితమును వీడలేదు. వయస్సు వారిని మూల కూర్చుండబెట్టలేదు.

ఇక చేయదగినవి చెప్పెదను. 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము 150 నిమిషములు నడక వంటి శ్రమ చేయవలెననియు, బలమును, నిలుకడను పెంచు సాధన వారమునకు మూడు దినములైనను చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించినది. ఇందుకు ధనమక్కఱలేదు. గట్టి కుర్చీనుండి చేతులూనక లేచి కూర్చుండుట ఉదయము పదిమాఱులు, సాయంకాలము పదిమాఱులు చేయుడు. గోడ ప్రక్క నిలిచి ఒంటికాలిపై పది లెక్కించు నంతసేపు నిలువుడు. నిజాంసాగరు కాలువ పారు ఈ సీమలో ప్రాతఃకాలపు నడకకు చోటు కొఱవ లేదు. గుండెజబ్బు గలవారును, తఱచు తల తిరుగువారును మాత్రము ముందుగా బాన్సువాడ ప్రభుత్వ వైద్యశాలలో సలహా పొందవలెను.

ఆహారమును అంతే ముఖ్యము. పండ్లు పోయినవని పెద్దలు చారన్నముతో సరిపెట్టుకొందురు. దానితో కండ నిలువదు. 50 కిలోల బరువుగల వృద్ధునకు దినమునకు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెను. నూఱు గ్రాముల పప్పులో 22, ఒక్క గ్రుడ్డులో 6 గ్రాములు లభించును. మెత్తగా నుడికించిన పప్పు, పెరుగు, గ్రుడ్డు ప్రతిదినము పెద్దల కంచములో నుండవలెను.

జారిపడుట వృద్ధుల పాలిటి మహాశత్రువు. తుంటి ఎముక విఱిగినచో అనేకులు మరల పూర్వమువలె నడువలేరు. తడిసిన స్నానపుగదియు, రాత్రివేళ చీకటియు, ముసరిన కంటిపొరయు దీనికి కారణములు. గోడకు ఒక పట్టుకడ్డీ, మంచము చెంత ఒక దీపము, కాలమునకు కంటిపరీక్ష — ఈ మూటికి అగు వ్యయము విఱిగిన ఎముకకు చేయు చికిత్సలో స్వల్పభాగమైనను కాదు.

సంఘపోషకులకు నా విన్నపమొక్కటి. మీరు అన్నదానములు చేయుచున్నారు, మందిరములు కట్టించుచున్నారు. మార్కండేయ మందిరమున్న ప్రతి యూర వారమునకు మూడు దినములు పెద్దలు కూడి సాధన చేయుటకు పది గట్టి కుర్చీలును, నేర్పుటకు ఒక యువకుని శ్రద్ధయు సమకూర్పుడు. బీడీలు చుట్టు తల్లులు గంటకొకమాఱు లేచి నాలుగడుగులు వేయునట్లు ఇంటివారు గుర్తుచేయుడు. వచ్చు మహాసభకు నేడిచ్చట కూర్చున్న వృద్ధులెల్లరును ఎవరి చేయియు పట్టక వేదిక మెట్లెక్కినచో, మనము మార్కండేయ సంతతివారమని చెప్పుకొనుటకు అర్హులమగుదుము.

శుభమ్.