పాత మోటారుకారు: నెమ్మదినడకలోని జబ్బు



కలకత్తా చెంతనున్న ఉత్తరపారా కర్మాగారమున 1950ల చివర మొదలైన అంబాసిడరు కార్ల నిర్మాణము 2014 లో నిలిచిపోయినది. ఇక కొత్తవి రావు. ఉన్నవానిని కాపాడుకొనుటయే మన పని. ఆసుపత్రి దూరమైన ఊళ్లలో, నడిరేయి పురిటినొప్పులు పడు ఆడబిడ్డను ఎక్కించుకొని పోవలసినది అట్టి పాతకారే కావచ్చును. అది బాటమీద వేగముగా బాగుగనే పోవుచు, కదలునప్పుడును మిట్ట ఎక్కునప్పుడును మాత్రము, ఆక్సిలరేటరు తొక్కినను ఉలుకక పలుకక నిలుచుట కలదు. దీనినే మెకానిక్కులు 'పికప్పు లేదు' అందురు.

ఇందు నేను మనవిచేయునది ఒక్కటే. జబ్బు ఏ వేగమున కనబడుచున్నదో అదియే దాని జాడ. ఆ జాడ పట్టకముందే సామాను మార్చుట డబ్బు నీళ్లపాలు చేయుట.

మొదట, జబ్బు ఇంజనుదేనా యని తేల్చుకొనవలెను. చదునైన నేలమీద గేరు తప్పించి కారును చేతులతో నెట్టి చూడుడు. సులువుగా కదలనిచో బ్రేకులు పట్టి యుండవచ్చును. ఇంజను రొద హెచ్చుచున్నను కారు ముందుకు సాగనిచో క్లచ్చి జారుచున్నదని గ్రహింపవలెను. ఈ రెండును కానప్పుడే ఇంజనువైపు చూడుడు.

ఇంజను పెట్రోలును మాత్రమే త్రాగదు. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్లు గాలి కావలెను. వీనిని కలుపునది కార్బ్యురేటరు. నెమ్మదినడకలో దాని ద్వారము ఇంచుమించు మూసియుండును. లోనికి పోవు గాలి బహుస్వల్పము, ద్వారమునకు ఆవల పీల్పు మాత్రము బలమైనది. అప్పుడు మానిఫోల్డు అతుకులో వెండ్రుకవాసి సందున్నను, దానిగుండ దొంగగాలి చొరబడి మిశ్రమమును పలుచన చేయును. వేగమున పోవునప్పుడో, గాలి మిక్కుటముగా ప్రవేశించును గనుక ఆ కొద్దిపాటి దొంగగాలి లెక్కకు రాదు. కావుననే నెమ్మదిలో తడబడి వేగములో కుదుటపడు ఇంజనునందు మొదట దొంగగాలిని శంకింపవలెను. నెమ్మదిలో బాగుండి వేగములో చతికిలబడునది వేరుజబ్బు. దానికి పెట్రోలు పంపును, వడపోతను, పెద్దజెట్టును చూడవలెను.

దీనిని తెలిసికొనుటకు ఇంటివద్దనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఇంజను వేడెక్కిన పిమ్మట చోకును సగము లాగి చూడుడు. నడక మెరుగుపడినచో పెట్రోలు చాలకున్నదన్న మాట: దొంగగాలియో, జెట్టులో నలుసో కారణము. ఇంకను చెడినచో పెట్రోలు ముందే అధికమైనదని యర్థము. ప్లగ్గులు విప్పి చూచినను ఇదియే తెలియును. లేత గోధుమరంగు ఆరోగ్యము. పాలిపోయిన తెలుపు పెట్రోలు లేమి. పొడి మసి పెట్రోలు మిగులు. నూనెతడి రింగుల అరుగుదల.

నేనెరిగిన యొక గ్రామమున ఒక అంబాసిడరు ఇట్లే తడబడుచుండెను. ఒక వర్కుషాపులో కార్బ్యురేటరు మార్చిరి, గుణము కనబడలేదు. పిమ్మట ఇంజను విప్పవలెననిరి. యజమాని రెండెకరముల రైతు. ఆ ఖర్చు విని కారు అమ్మివేయ సిద్ధపడెను. నేను చోకు సగము లాగించితిని, ఇంజను కుదుటపడెను. ఇంజను తిరుగుచుండగా మానిఫోల్డు అతుకుమీద నూనెడబ్బాతో ఇంజనునూనె చుక్కలు వేయించితిని. ఒకచోట చుక్క పడగానే రొద మారెను. నట్లు వదులై గ్యాస్కెట్టు చిరిగియున్నది. గ్యాస్కెట్టు మార్చి నట్లు బిగించిన పిమ్మట కారు మిట్ట ఎక్కెను. ఈ పరీక్షకు పెట్రోలును ఎన్నడును వాడరాదు; అగ్నిప్రమాదము కలుగును. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. ఆ పొగ ప్రాణాంతకము.

గాలి దోషము లేనప్పుడు నిప్పును చూడవలెను. 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడరు ఇంజనులో డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. పాయింటు మడమ అరిగినకొలది ఆ సందు తగ్గును, నిప్పు ఆలస్యముగా పడును, ఇంజను మందగించును. పిదప జెట్లు. సోలెక్సు వంటి కార్బ్యురేటరులందు నెమ్మదినడకకు ప్రత్యేకముగా చిన్నజెట్టు కలదు. దానిని గాలితో ఊది శుభ్రపరుపవలెనేగాని తీగతో పొడువరాదు; రంధ్రము పెద్దదగును. ఎస్.యు. కార్బ్యురేటరులో పైబుడ్డిలోని నూనె తగ్గినను, తొక్కగానే తడబాటు కలుగును.

ఇంకొక కొత్తకారణము కూడ కలదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో ప్రాణవాయువు ఇమిడియుండుటచే పాతజెట్టుకు మిశ్రమము మరింత పలుచనగును. పాత రబ్బరుగొట్టములు దానికై చేయబడినవి కావు. మెత్తబడుటయో పగులుటయో సంభవించును. కావున వానిని తరచు తడవి చూచుచుండవలెను.

ఇన్నిటిని చూచిన పిమ్మటనే ఇంజను విప్పుమాట. ఒక పర్యాయమున ఒకే మార్పు చేసి, కారు నడిపి, ఫలమును చూడవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది మందో తెలియదు. వర్కుషాపునకు పోవునప్పుడు 'పికప్పు లేదు' అని ఊరకుండక, తడబాటు నెమ్మదిలోనా వేగములోనా, చల్లగానున్నప్పుడా వేడెక్కిన పిమ్మటనా, చోకు లాగిన తగ్గునా పెరుగునా యన్న మూడు సంగతులు చెప్పుడు. రోగి తన బాధ సరిగా చెప్పినచో సగము వైద్యమైనట్లే. కారునకు నోరు లేదు గనుక ఆ మాట మీరే చెప్పవలెను.