సెల్ఫ్ తీసుకోని కారు



పిల్లల్ని బడిలో దింపాలి. లేదా అత్తగారిని డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాలి. కారులో కూర్చుని తాళం తిప్పుతారు, బండి పలకదు. మెకానిక్కును పిలిస్తే అతను బానెట్ ఎత్తీ ఎత్తకముందే "బాటరీ పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి" అంటాడు. చాలాసార్లు అది నిజమే. కాని అన్నిసార్లూ కాదు. కొత్త బాటరీ అంటే వేలల్లో మాట. ఆ ఖర్చుకు తల ఊపేముందు మనం చూసుకోదగినవి కొన్ని వున్నాయి. చాలావాటికి పనిముట్లు కూడా అక్కర్లేదు, చెవులూ కళ్ళూ చాలు.

తాళం తిప్పినప్పుడు జరిగేది ఇది. 12 వోల్టుల బాటరీ నుంచి కరెంటు సెల్ఫ్ మోటారుకు వెళ్తుంది. ఆ మోటారు ఇంజన్ని నాలుగు చుట్లు తిప్పి అందిస్తే, ఆపైన ఇంజను తనంతట తాను నడుస్తుంది. ఆ కాసేపట్లోనే సెల్ఫ్ వంద ఆంపియర్లకు పైగా లాగేస్తుంది. అల్లా ఖర్చయిన చార్జిని బండి నడుస్తున్నంతసేపూ ఆల్టర్నేటర్ తిరిగి నింపుతూ వుంటుంది. వెనకటి బళ్ళలో ఈ పని డైనమో చేసేది. అన్నట్టు, ఈ సెల్ఫ్ 1912 నాటి కాడిలాక్ కార్లతో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు బండి ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాలి; అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. ఆడవాళ్ళు ఒంటరిగా కారు తియ్యగలగడానికి ఈ చిన్న మోటారు చేసిన మేలు తక్కువది కాదు.

ఇక అసలు సంగతి. బండి పలకనప్పుడు మళ్ళీ మళ్ళీ తాళం తిప్పకండి. మిగిలిన కాస్త చార్జీ దిగిపోతుంది. ముందు గేరు చూడండి. ఆటోమేటిక్ అయితే 'పి'లోనో 'ఎన్'లోనో వుండాలి. గేర్ల బళ్ళలో, ముఖ్యంగా ఈమధ్య వచ్చినవాటిలో, క్లచ్ పూర్తిగా తొక్కితేగాని సెల్ఫ్ తీసుకోదు. బటను నొక్కే బళ్ళలో తాళంచెవిలోని బిళ్ళ బాటరీ నీరసపడిందంటే బండి దాన్ని గుర్తుపట్టదు. ఆ తాళంచెవినే బటనుకు ఆనించి నొక్కితే చాలా బళ్ళు స్టార్టవుతాయి.

ఇవన్నీ సరిగ్గా వుంటే హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడమీద వెలుగు చూస్తూ ఒక్కసారి తాళం తిప్పండి. టకటకటకమని వరసగా చప్పుడై వెలుగు కొడిగట్టినట్టు తగ్గిపోతే చార్జి లేదన్నమాట, లేదా వైరు సరిగ్గా ఆనడం లేదు. లైట్లు కాంతిగానే వుండి ఒకే ఒక్క 'టక్' వినబడితే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి పోవాలి. లైట్లు బాగానే వుండి అసలు చప్పుడే లేదనుకోండి, అది స్విచ్చో, రిలేయో, ఫ్యూజో. ఇంజను గిరగిరా తిరుగుతూ అందుకోవడం లేదంటే బాటరీకి దోషం లేదు. పెట్రోలు వుందో లేదో చూసుకుని మరీ పిలవండి. ఏది జరిగిందో మెకానిక్కుకు ఫోనులోనే చెప్పండి. అతను మీతో మాట్లాడే తీరే మారిపోతుంది!

టకటకమన్నదనుకుందాం. బానెట్ ఎత్తేముందు తాళం ఆపి, బంగారు గాజులూ ఉంగరాలూ తీసి పక్కన పెట్టండి. ఇది మడీ ఆచారం కాదు. స్పానరు ఒకవైపు, గాజు మరోవైపు తగిలితే క్షణంలో బంగారం ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. కొంగు దోపుకోండి, జడ ముందుకు వేలాడనివ్వకండి. బాటరీ మీద రెండు టెర్మినళ్ళుంటాయి. వాటికి తెల్లగానో పచ్చగానో చిలుము పట్టిందా? చేత్తో కదిపితే బిగింపు కదులుతోందా? చిలుము కరెంటును అడ్డుకుంటుంది. బాటరీ నిండుగా వున్నా సెల్ఫుకు అందదు. నెగెటివ్ ముందు విప్పి, తరవాత పాజిటివ్ విప్పాలి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దండి, ఆ నీళ్ళు బాటరీ మూతల్లోకి పోకూడదు. పొడిగా తుడిచి, పాజిటివ్ ముందు, నెగెటివ్ ఆఖర్న బిగించి, పైన కాస్త వాజలీను రాయండి. ఇంతటితోనే బయల్దేరిన బళ్ళు ఎన్నో!

మా వీధిలో ఒకావిడ కొత్త బాటరీ వేయించుకుంటే పది రోజుల్లో బండి మళ్ళీ మొరాయించింది. కొట్టువాడు బాటరీనే తిట్టాడు. తీరా చూస్తే ఆల్టర్నేటర్ నింపడం మానేసింది. డబ్బు పోసి తెచ్చిన కొత్త కుండలో నీళ్ళు పోసేవాళ్ళే లేరన్నమాట! బండి నడుస్తుండగా ఎర్ర బాటరీ గుర్తు ఆరకపోతే దీన్నే అనుమానించాలి. కొన్ని వందల రూపాయలకు వోల్టుమీటరు దొరుకుతుంది. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక చూస్తే నిండు బాటరీ 12.6 చూపిస్తుంది, 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా మామూలుగా 13.5కీ 14.5కీ మధ్య వుండాలి. అప్పుడు కూడా 12 దగ్గరే వుంటే కొత్త బాటరీకి డబ్బు తియ్యకండి.

కదలకుండా వుంచినా చార్జి దిగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో వారాల తరబడి నిలిచిపోయిన కార్లు ఎన్ని మొండికేశాయో మీకు గుర్తుండే వుంటుంది. కూరల బజారు దాకా వెళ్ళి రావడంతో ఖర్చయినది నిండదు. మన ఎండలు కూడా బాటరీ ఆయుష్షు తినేస్తాయి.

పక్కింటివారి కారునుంచి చార్జి తీసుకునేటప్పుడు రెండు బళ్ళూ ఒకదానికొకటి తగలకూడదు. బాటరీ ఉబ్బినా, పగిలి కారుతున్నా ఆ ప్రయత్నమే వద్దు. ఎర్ర వైరు ముందు మన పాజిటివ్‌కు, తరవాత వారి పాజిటివ్‌కు. నల్లది వారి నెగెటివ్‌కు. దాని రెండో కొస మాత్రం మన బాటరీకి కాదు, దూరంగా ఇంజను మీద రంగులేని ఇనుముకు. బాటరీ దగ్గర హైడ్రోజన్ వుంటుంది, నిప్పురవ్వ పడితే పేలుతుంది. తీసేటప్పుడు ఇదే వరస వెనకనుంచి. బండి అందుకున్నాక వెంటనే ఆపకండి. అరగంటైనా రోడ్డుమీద నడిపి, అటునుంచి అటే చార్జి పరీక్ష చేయించుకుని ఇంటికి రండి.