పాల కేంద్రం శుభ్రతకు చన్నీళ్ళ యంత్రమా, వేడినీళ్ళ యంత్రమా?

(అనకాపల్లి జిల్లా కె.కోటపాడులో పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నీటిని వత్తిడితో చిమ్మి కడిగే యంత్రం కొనాలని కొన్ని సంఘాలు ఆలోచన చేస్తున్నవి. అందులో చన్నీళ్ళది మేలా, వేడినీళ్ళది మేలా అన్నది ప్రశ్న. వేడినీళ్ళ యంత్రం ధర చన్నీళ్ళదానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ సొమ్ము ఒక్క గేదెతో సంసారం నెట్టుకొచ్చే సభ్యురాలి బోనసులో నుండి పోవలసినదే. అట్లని శుభ్రత లోపిస్తే, పులిసి తిరిగివచ్చిన పాల నష్టం కూడ ఆమె నెత్తినే పడుతుంది. కనుక తెలిసి ఖర్చు చేయాలి.

ముందు మన వంటిల్లు చూద్దాం. పాలు కాచిన గిన్నెలో ఆడవారు చన్నీళ్ళు పోసి నానబెడతారు. నేతి గిన్నెను వేడినీళ్ళతో తోముతారు. ఇందులో శాస్త్రమున్నది. పాలలోని మాంసకృత్తులు ఎక్కువ వేడి తగిలితే గట్టిపడి గిన్నెకు అంటుకుంటాయి. వెన్న సుమారు 40 డిగ్రీల వేడికి గాని పూర్తిగా కరగదు. ఈ రెండూ ఒకే క్యానులో ఉన్నవి. కనుక యంత్రం కంటె వరుస ముఖ్యం.

1. పాలు వంపిన వెంటనే చన్నీళ్ళతో గాని, గోరువెచ్చని నీళ్ళతో గాని తొలపాలి.
2. 50–60 డిగ్రీల వేడినీటిలో డెయిరీ వారు ఇచ్చే పొడి కలిపి, మూత, మెడ, అడుగు బ్రష్షుతో రుద్దాలి. అల్యూమినియం క్యానులకు కాస్టిక్ సోడా వాడరాదు. అది లోహాన్ని తినివేస్తుంది.
3. పొడి జిగురు పోయేవరకు మంచినీటితో కడగాలి.
4. చివరగా 80 డిగ్రీలు దాటిన నీటితో గాని, ఆవిరితో గాని క్రిములను చంపి, క్యానును బోర్లించి ఆరబెట్టాలి.

ఒక కేంద్రం తనిఖీలో, పాలు వంపిన క్యానులలో నేరుగా మరిగే నీళ్ళు పోయడం చూచితిని. లోపల పచ్చని పొర కట్టి, గోటితో గీకినా రాలేదు. ఆ పొరలో దాగిన క్రిములు ఉక్కగా ఉన్నప్పుడు 20–30 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. పొద్దుటి పాలు డెయిరీ చేరేసరికి ఏమవునో చెప్పనక్కరలేదు.

ఇక యంత్రాల సంగతి. నేల, గోడల అడుగు, మురుగుకాలువ, వ్యాను, పశువుల పాక, వీటికి అంటేది మట్టి, పేడ. దానికి నీటి వత్తిడి చాలును, వేడి అవసరం లేదు. ఎండిన పేడను అరగంట ముందు తడిపి ఉంచితే సులభంగా వదులుతుంది. నేలపై వెన్న జిడ్డు ఉన్నచోట మాత్రం వేడి సోడానీళ్ళు చల్లి రుద్దాలి. క్యాను లోపలికి బ్రష్షు చేసే పని ఏ యంత్రమూ చేయదు.

లెక్క చూడండి. 40 లీటర్ల నీటిని 30 నుండి 80 డిగ్రీలకు కాచుటకు 2,000 కిలోకేలరీలు, అనగా సుమారు 2.3 యూనిట్ల కరెంటు చాలును. నిమిషానికి 10 లీటర్లు చిమ్మే వేడినీళ్ళ యంత్రం గంటకు 600 లీటర్లు కాచాలి. దానికి 30,000 కిలోకేలరీలు కావాలి. వృథా కలపకుండానే గంటకు సుమారు మూడున్నర లీటర్ల డీజిలు! పైగా నీరు కఠినమైతే, కాగే గొట్టంలో సున్నపు పొర కట్టి మరమ్మతు వస్తుంది. రోజంతా జిడ్డు పేరుకొనే పెద్ద శీతలీకరణ కేంద్రానికి ఈ ఖర్చు గిట్టవచ్చు. పూటకు కొద్ది క్యానులు నింపే గ్రామ సంఘానికి గిట్టదు.

ఏ యంత్రమైనా పాలు ఉన్న వేళ వాడరాదు. నేలపై మురికి తుంపరలై మూతలేని క్యానులో పడుతుంది. వెన్న పరీక్ష యంత్రం, స్విచ్చిబోర్డు వైపు నీరు చిమ్మరాదు. ఎర్తు సరిగా ఉన్నదో లేదో ముందే చూడాలి.

నా సలహా ఇది: ఇరుగుపొరుగు సంఘాలు కలిసి ఒక చన్నీళ్ళ యంత్రం కొనండి. ప్రతి కేంద్రంలో నీళ్ళు కాగే ఏర్పాటు, సోలారుదైనా కట్టెలదైనా, ఉండాలి. వేడి చూచుటకు ఒక థర్మామీటరు, రెండు మంచి బ్రష్షులు ఉంచండి. మహాజన సభలో తీర్మానం పెట్టేముందు రోజుకు ఎన్ని క్యానులు, నీరు ఎటువంటిది, మరమ్మతు ఎవరు చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసి సభ్యులకు చదివి వినిపించండి. సొమ్ము వారిది, పాలు వారివి.