గుర్రప్పందేలు - కై-వర్గ పరీక్ష



ఈనాటి పాఠం రేసు మైదానంలో మొదలవుతుంది. పందేలు కాయడం నేర్పడానికి కాదు, ఒక ప్రశ్నను సాంఖ్యకశాస్త్రం ఎలా పరీక్షిస్తుందో చూడడానికి.

కొన్నేళ్ల క్రితం డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు ఒక పాత నోటుపుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అది వాళ్ల మేనమామది. హైదరాబాదు మలక్‌పేట రేసుల్లో గెలిచిన గుర్రాల వివరాలు ఆయన ఏళ్ల తరబడి అందులో రాసుకున్నారు. గుర్రం పేరు, అది బయలుదేరిన గేటు నంబరు, జాకీ, వారం అన్నీ ఉన్నాయి. "సార్, ఇందులో ఏదో సూత్రం ఉందని మామయ్య నమ్మకం. స్టాటిస్టిక్స్‌తో దాన్ని పట్టుకోవచ్చా?" అని అడిగాడు. ఆ సూత్రం కోసం ఆయన అప్పటికే ఇంటిస్థలం అమ్ముకున్నారని తర్వాత తెలిసింది.

వాడికి నేను ముందుగా చూపించింది ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ. 1955లో న్యూయార్క్ దినపత్రిక ఒకటి ప్రచురించిన పందెం ఫలితాలను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సిడ్నీ సీగెల్ తన 1956 నాటి పాఠ్యగ్రంథంలో వాడుకున్నారు. గుండ్రని మైదానం, మొత్తం 144 పందేలు, ప్రతి పందెంలో 8 గుర్రాలు. లోపలి కంచెకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది 1వ స్థానం, అన్నిటికన్నా దూరంగా ఉన్నది 8వ స్థానం. 1 నుంచి 8 వరకు ఒక్కో స్థానం నుంచి వచ్చిన విజయాలు వరుసగా ఇవి: 29, 19, 18, 25, 17, 10, 15, 11.

బయలుదేరే స్థానానికీ గెలుపుకీ సంబంధం ఉందా? చూడగానే ఉందనిపిస్తుంది. కానీ కంటికి కనిపించిందల్లా నిజం కాదు. పాచికను 60 సార్లు వేస్తే ప్రతి అంకె సరిగ్గా పదిసార్లే పడదు కదా! కాబట్టి ముందుగా శూన్య పరికల్పన పెట్టుకోవాలి: "స్థానం వల్ల తేడా ఏమీ లేదు." అది నిజమైతే 144ను 8తో భాగించగా, ఒక్కో స్థానానికి 18 విజయాలు రావాలి. ఇది ఆశించిన పౌనఃపున్యం.

ఇప్పుడు 1900లో కార్ల్ పియర్సన్ ఇచ్చిన కై-వర్గ పరీక్ష చేద్దాం. ప్రతి స్థానంలోనూ వచ్చిన సంఖ్యకూ 18కీ ఉన్న తేడాను వర్గం చేసి, 18తో భాగించి, అన్నిటినీ కూడాలి. తేడాల వర్గాలు 121, 1, 0, 49, 1, 64, 9, 49. వీటి మొత్తం 294. దాన్ని 18తో భాగిస్తే 16.33 వస్తుంది. ఎనిమిది స్థానాలున్నాయి కనుక డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7. పట్టికలో 5 శాతం సార్థకతా స్థాయి దగ్గర విలువ 14.07. మనది అంతకన్నా ఎక్కువ. స్థానం వల్ల తేడా లేకపోయి ఉంటే, ఇంత లేదా ఇంతకుమించిన హెచ్చుతగ్గులు వందలో సుమారు రెండుసార్లు మాత్రమే వస్తాయి. అందుచేత శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం. అయితే 1 శాతం స్థాయి దగ్గర పట్టిక విలువ 18.48. అంత కఠినంగా చూస్తే తిరస్కరించలేం. స్థాయిని లెక్క చేశాక కాదు, ముందే నిర్ణయించుకోవాలని చెప్పేది ఇందుకే.

ఈ ఫలితానికి కారణం ఊహించడం కష్టం కాదు. అర్ధవృత్తాకారపు మలుపులో 3 మీటర్లు బయటగా పరుగెత్తే గుర్రం, పై విలువను 3తో గుణించగా వచ్చే దూరం, అంటే దాదాపు 9.4 మీటర్లు అదనంగా పరుగెత్తాలి. సాధారణంగా గేటును డ్రా తీసి కేటాయిస్తారు కాబట్టి మంచి గుర్రాలన్నీ లోపలి స్థానాల్లోనే చేరాయని కూడా అనలేం. కానీ ఒక జాగ్రత్త. 4వ స్థానానికి 25 ఎందుకు వచ్చాయని విడిగా ఒక కథ అల్లకూడదు. పరీక్ష మొత్తం పట్టిక గురించి చెప్పింది, ఒక్కో గడి గురించి కాదు. తిన్నని మైదానానికి కూడా ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు.

"అయితే లోపలి గుర్రం మీద పందెం కాస్తే సరి కదా సార్?" అన్నాడు మా విద్యార్థి. 144లో 29 అంటే సుమారు 20 శాతం. అంటే ఆ స్థానం నుంచి బయలుదేరిన గుర్రం కూడా ఐదింట నాలుగుసార్లు ఓడిపోయింది. పైగా పత్రికలో అచ్చయిన సంగతి అందరికీ తెలుస్తుంది. అందరూ ఆ గుర్రం మీదే కాస్తే, గెలిచినప్పుడు వచ్చే డబ్బు తగ్గిపోతుంది. టోట్‌లో పన్ను, నిర్వాహకుల వాటా తీసివేశాకే మిగిలింది పంచుతారు. ఉదాహరణకు నూటికి 20 రూపాయలు అలా పోతాయనుకుందాం. 20 శాతం అవకాశమున్న గుర్రానికి 100 రూపాయలకు 500 రావలసిన చోట 400 వస్తాయి. సగటున 100 పెట్టి 80 తీసుకున్నట్టు. అంటే తేడా ఉందని రుజువు కావడం వేరు, దాని మీద లాభం రావడం వేరు.

ఇక మామయ్య పద్ధతిలోని పెద్ద చిక్కు చూడండి. గేటు, జాకీ, వారం, గుర్రం రంగు, పేరులోని మొదటి అక్షరం... ఇలా సంబంధం లేని 20 విషయాలను 5 శాతం స్థాయిలో వేర్వేరుగా పరీక్షిస్తే, ఒక్కటైనా పొరపాటున "సార్థకం" అని తేలే సంభావ్యత సుమారు 64 శాతం. వెతికేవాడికి సూత్రం దొరికి తీరుతుంది. అది నిజమైనదో కాదో తేలాలంటే, ముందుగా కాగితం మీద రాసిపెట్టుకుని, కొత్త పందేల మీద పరీక్షించాలి.

ఆ నోటుపుస్తకం మీద మేమిద్దరం కై-వర్గ పరీక్ష మొదలుపెట్టి, మొదటి మెట్టులోనే ఆగిపోయాం. ఆశించిన పౌనఃపున్యం లెక్కకట్టడానికి ఏ పందెంలో ఎన్ని గుర్రాలు పరుగెత్తాయో తెలియాలి. 12వ గేటు నుంచి గెలుపు అరుదంటే, అసలు 12 గుర్రాలున్న పందేలే అరుదేమో! ఆయన గెలిచినవాటిని మాత్రమే రాసుకున్నారు. ఓడిన గుర్రాలు లేవు. తాను ఓడిపోయిన డబ్బు లెక్కా లేదు. "వచ్చే వారం నుంచి ఈ రెండూ కూడా రాయమని మామయ్యకు చెప్పు" అన్నాను. వాడు కాసేపు పేజీలు తిప్పి, "డబ్బు లెక్క అత్తయ్య దగ్గర ఉంటుంది సార్" అన్నాడు.

మీరు ఇంటి దగ్గర ఒక పాచికను 60 సార్లు వేసి, ఫలితాలన్నీ రాసి, కై-వర్గం కట్టండి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5, పట్టిక విలువ 11.07. ఏ ఒక్క ఫలితాన్నీ వదిలిపెట్టకండి.