పండుగ చేసేవారూ చేయనివారూ
(స్మారకోపన్యాసం)



మన సిక్కోలు, విజయనగరం ఊళ్లలో డిసెంబరు వస్తే ఒక ఇంటి చూరుకు వెదురుబద్దల నక్షత్రం వేలాడుతుంది. అదే వీధిలో బ్రదరన్ సహవాసానికి వెళ్లే కుటుంబం ఆ నెలను మామూలు నెలగానే గడుపుతుంది. ఇద్దరిదీ ఒకే బైబిలు.

క్రిస్మస్ చేయనివారికి భక్తి లేదనడం అన్యాయం. డిసెంబరు 25 అన్న తేదీ బైబిలులో ఎక్కడా లేదు. స్కాట్లాండులో క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు వచ్చింది 1958లోనే. మసాచుసెట్స్ ప్యూరిటన్లయితే 1659లో పండుగ చేసినవారికి ఐదు షిల్లింగుల జరిమానా వేశారు, 1681 దాకా ఆ చట్టం ఉంది. వాళ్ల నిష్ఠను గౌరవిస్తాను, జరిమానాను ఒప్పుకోలేను. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు దినాల సంగతి ఎవరి మనస్సాక్షికి వారికే వదిలేశాడు, పక్కవాడికి తీర్పు తీర్చవద్దన్నాడు.

మన వైపు సంఘాలదీ ఒకే తీరు కాదు. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ విశాఖలో దిగారు. తర్వాత కెనడా బాప్టిస్టులు వచ్చారు. కాథలిక్కులకు ఏడాది పొడవునా పండుగల పట్టిక ఉంది, బాప్టిస్టులకు అంత కట్టుబాటు లేదు. అయినా 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన మన పురుషోత్తమ చౌదరి కీర్తనలు పట్టిక ఉన్న సంఘాల్లోనూ లేని సంఘాల్లోనూ పాడుతూనే ఉన్నారు.

అసలు చిక్కు సంక్రాంతితో. మన వైపు అది పెద్దల పండుగ. కొత్త బట్టలకు పసుపు రాసి, చనిపోయిన తల్లిదండ్రుల పేరు చెప్పి ముందు పెడతారు. అన్నం, అరిసెలు వడ్డించి ధూపం వేస్తారు. తర్వాతే ఇంట్లోవాళ్లు ఆ బట్టలు కట్టుకుంటారు. విశ్వాసంలోకి వచ్చిన ఆడపడుచు ఆ రోజు పుట్టింటికి వెళితే వదినగారు అదే పళ్లెంలోంచి అరిసె తీసి చేతిలో పెడుతుంది. తినాలా, వద్దా? కొరింథులో ఇదే ప్రశ్న వచ్చింది. ఆరా తీయకుండా తినమన్నాడు పౌలు. అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు.

పెద్దలకు పెట్టే పనిలో మనం చేయి కలపలేం, నాకు సందేహం లేదు. కానీ చెన్నై, హైదరాబాదు పనులకు పోయిన అన్నదమ్ములు ఇల్లు చేరేది ఆ మూడు రోజులే. అమ్మను తలుచుకుని వాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటుంటే పక్కన కూర్చోవడం విగ్రహారాధన ఎలా అవుతుంది? సమాధుల పండుగకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే మనకు ఆ బాధ తెలియనిదా?

ఈ తగువులో ఎక్కువ నలిగేది ఆడవాళ్లే. వెళితే సంఘం నిలదీస్తుంది, వెళ్లకపోతే పుట్టింటి గడప దూరమవుతుంది. తినలేనన్న చెల్లెలిని పుట్టింటివారు బలవంతపెట్టకూడదు. తిన్న చెల్లెలిని మనం ప్రభువు బల్లకు దూరం పెట్టకూడదు. అలాంటి కట్టుబాటు ఏ సంఘంలోనైనా ఉంటే, వచ్చే సంక్రాంతిలోగా కమిటీ కూర్చుని దాన్ని తీసేయాలని సంఘ పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను.