లోడింగులో ట్రక్కు విరిగితే ఖర్చు ఎవరిది?

(కృష్ణదేవిపేట రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెరుకు నరుకుడు మొదలైతే ట్రక్కు తగాదాలూ మొదలవుతాయి. చేలో లోడు ఎత్తుతుంటే పక్క డోరు వంగిపోతుంది, ఇరుసు విరుగుతుంది, గట్టు దిగుతూ ట్రక్కు బోల్తా పడుతుంది. ట్రక్కు యజమాని రైతును అడుగుతాడు. రైతు ముఠా మేస్త్రిని అడుగుతాడు. మేస్త్రి కూలీల డబ్బులో కోత పెడతాడు. చివరకు అందరికంటే లేనివాడి నెత్తిన పడుతుంది. ఇది న్యాయమూ కాదు, చట్టమూ కాదు.

తాండవ, ఏటికొప్పాక సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో క్రషింగు ఆగిపోయాక ఈ ప్రాంతం చెరుకుకు దూరాభారం పెరిగింది. కిరాయి ఎక్కువ కాబట్టి ఒక్క ట్రిప్పులోనే నాలుగు మోపులు ఎక్కువ వేయాలని అందరికీ ఉంటుంది. బండి విరిగేది అక్కడే. జామాయిలు, సరుగుడు కర్ర ఎత్తేచోటా ఇదే కథ.

ఇలాంటప్పుడు మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. బండి ఎవరి చేతిలో ఉంది? తప్పు ఎవరిది?

ట్రాక్టరు వాడు ట్రక్కును చేలో వదిలేసి వెళ్లాడనుకుందాం. లోడయ్యాక వచ్చి తగిలించుకుపోతాడు. ఆ మధ్యలో ట్రక్కు రైతు అప్పగింతలో ఉన్నట్టే. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మామూలు తెలివిగల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. అలా చూసినా దెబ్బతింటే, వేరే ఒప్పందం లేనప్పుడు, రైతు బాధ్యుడు కాడని 152వ సెక్షన్ చెబుతోంది. కానీ జాగ్రత్తగా చూశానని రుజువు చేసుకోవాల్సింది రైతే.

డ్రైవరు దగ్గరుండి లోడు ఎత్తించాడనుకుందాం. అప్పుడు బండి యజమాని చేతిలోనే ఉంది. మెత్తటి నేలలో బండి నిలిపినా, ఒకపక్కే బరువు పడుతుంటే చూస్తూ ఊరుకున్నా ఆ తప్పు డ్రైవరుది, అంటే అతన్ని పెట్టుకున్న యజమానిది. డ్రైవరు వద్దంటున్నా రైతే ఇంకా వేయించాడా? అప్పుడు రైతు తప్పించుకోలేడు. ఇద్దరూ ఒప్పుకుని అధిక లోడు వేశారా? ఇద్దరూ పంచుకోవడమే ధర్మం.

ఇరుసుకు ముందే బీట ఉంటే? కిరాయికి ఇచ్చిన వస్తువులో లోపం ఉండి, దానివల్ల తీసుకున్నవాడికి నష్టం జరిగితే, ఆ లోపం తనకు తెలియకపోయినా ఇచ్చినవాడే బాధ్యుడని అదే చట్టం 150వ సెక్షన్. కాబట్టి పాత బీటకు రైతును పట్టుకోవడం కుదరదు.

ఇక కూలీల మాట. వాళ్లు ఎవరి పనిలో, ఎవరి మాట ప్రకారం ఎత్తుతున్నారో ఆ పని పెట్టినవాడే వాళ్ల పొరపాటుకు బాధ్యత పడాలి. పని చెప్పి చేయించుకుని, చివర్లో కూలి డబ్బు పట్టేసుకోవడం దౌర్జన్యం. ఈ ఊరి పోలీసు స్టేషనుపై 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. ఆ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో మన్యం రోడ్డు పనుల్లో గిరిజనుల కూలి ఎగ్గొట్టడం ఒకటి. ఆయన సమాధి ఉన్న ఊళ్లో కూలి కోసే అలవాటు మనకు తగదు.

బీమా ఉందిగా అంటారు కొందరు. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివాళ్ల నష్టానికే, మన బండికి పైసా రాదు. ప్యాకేజీ పాలసీ ఉన్నా ట్రక్కు అందులో చేరి ఉండాలి. సరుకు బండ్ల పాలసీల్లో అధిక లోడు వల్ల జరిగిన నష్టం చెల్లించబోమన్న షరతు మామూలుగా ఉంటుంది. పైగా మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000 జరిమానా. నడిపినవాడికే కాదు, నడపనిచ్చినవాడికీ, నడిపించినవాడికీ అది వర్తిస్తుంది.

అందుకే లోడుకు ముందే ఒక చీటీ రాసుకోండి. ట్రక్కు ఎవరి అప్పగింతలో ఉంటుంది, ఎంత బరువు వేయాలి, ఎక్కడ నిలపాలి, దెబ్బతింటే ఎవరు ఎంత పెట్టుకోవాలి. నాలుగు ముక్కలు, రెండు సంతకాలు చాలు. ఇరుసు, డోర్లు, హుక్కు, టైర్లు ఫోనులో ఫొటో తీసుకోండి. పాత దెబ్బ ఏదో, కొత్త దెబ్బ ఏదో అదే చెబుతుంది.

విరిగితే కంగారుపడి బండిని కదపకండి. ముందు మనుషులకు దెబ్బలు తగిలాయేమో చూడండి. తర్వాత ఫొటోలు తీయండి, కాటా చీటీ ఉంటే దాచండి, ఇద్దరు వెల్డర్ల దగ్గర ఖర్చు రాయించండి. ఇవ్వాల్సింది జరిగిన నష్టానికి సరిపడా మాత్రమే. పదేళ్ల పాత డోరుకు కొత్త డోరు ధర మొత్తం అడగడం సబబు కాదు.

పెద్దమనుషుల్లో తెగకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకున్నాక ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. న్యాయ సలహా కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ట్రక్కు యజమానుల్లో చాలామంది మనలాంటి రైతులే, వాయిదాలు కట్టుకుంటున్నవాళ్లే. వాళ్లతో మనకు వైరం లేదు. ఎవరి తప్పుకు వాళ్లు కట్టుకుందాం, కూలి మాత్రం ముట్టుకోవద్దు. ఈ సీజనులో మొదటి ట్రక్కు చేలోకి రాకముందే ప్రతి ఊరి కమిటీ కూర్చుని ఆ చీటీ నమూనా రాసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.